మలావి పల్లెలో మిషన్ ఆస్పత్రి: మెషీన్లు బాగుచేసేవాడి రోజులు (అడగండి, తెలిసింది చెప్తా)

తెనాలి_స్పానర్:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాసింది లేదు. ముందే చెప్పేస్తున్నా నేను డాక్టర్‌ని కాదు, మోకాలి నొప్పికి ఏం వాడాలి అని మెసేజ్‌లు పెట్టకండి :) బయోమెడికల్ వాణ్ణి, ఆస్పత్రిలో మెషీన్లు రిపేర్ చేసేవాణ్ణి. పదకొండు నెలల నుంచి ఆఫ్రికాలోని మలావి దేశం దక్షిణాన, షీరే నది లోయలో, చర్చి వాళ్లు నడిపే ఒక మిషన్ ఆస్పత్రిలో ఉంటున్నా. పేరు రాయను, ఎందుకంటే మధ్యలో కొన్ని తిట్లు కూడా వస్తాయి.

ఎండ గురించి అడక్కండి, అక్టోబర్ నెలాఖర్లో మన రెంటచింతలే గుర్తొచ్చింది. పొద్దున ఏడున్నరకి హ్యాండోవర్, అంటే రాత్రి డ్యూటీ వాళ్లు పగటి వాళ్లకి పని అప్పజెప్పడం. ముందు ప్రార్థన, తర్వాత రాత్రి ఎంతమంది వచ్చారు, ఎన్ని కాన్పులు, ఎవరు పోయారు, రక్తం ఎన్ని బ్యాగులుంది, చివర్లో నా వంతు, ఏది పనిచేస్తోంది ఏది చెయ్యట్లేదు. నిజానికి అందరూ అడిగేది ఒక్కటే, "మగెట్సి ఉందా". మగెట్సి అంటే కరెంటు. చిచేవా భాషలో నేను నేర్చుకున్న మొదటి మాట అదే, "నమస్తే" కూడా దాని తర్వాతే.

పిల్లల వార్డులో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఒకటుంటుంది, మామూలు గాలిలోంచి ఆక్సిజన్‌ని వేరుచేసి ఇచ్చే మెషీన్. దానికి ఒక గొట్టం పెట్టి, ఆ గొట్టాన్ని ఒక చెక్క బోర్డు మీద ఐదుగా చీలుస్తాం. ఐదు చిన్న గాజు గొట్టాలు, ఒక్కోదాంట్లో ఒక చిన్న బంతి. గాలి వస్తుంటే బంతి తేలుతుంది, ఏ గీత దగ్గర తేలితే ఆ పిల్లాడికి నిమిషానికి అంత అన్నమాట, అర లీటరో లీటరో. ఒక మెషీన్, ఐదుగురు పిల్లలు. రాత్రి రెండింటికి కరెంటు పోతే ఆ ఐదు బంతులూ ఒకేసారి టప్పున కిందకి పడతాయి. ఆ చప్పుడు చాలా చిన్నది కానీ నర్సు ఎంత నిద్రలో ఉన్నా లేస్తుంది.

అప్పుడు నా తలుపు దగ్గరకి వాచ్‌మన్ వచ్చి "ఓడి! ఓడి!" అంటాడు. ఇక్కడ తలుపు కొట్టరు, గుమ్మం బయట నిలబడి ఓడి అంటారు, "రావచ్చా" అని.

ఇవాల్టికి ఇంతే. ఏమన్నా అడగాలనుకుంటే అడగండి.

మౌనవ్రతం:
అన్నా మోకాలి నొప్పికి ఏం వాడాలి

తెనాలి_స్పానర్:
గ్రీజు.

పీజీ_కష్టాలు:
అన్నా నేను పీడియాట్రిక్స్ పీజీ సెకండ్ ఇయర్. కరెంటు పోతే మరి ఆ ఐదుగురికీ ఏం చేస్తారు? సిలిండర్లు లేవా? ఇంకోటి, అక్కడ ఎంతమంది డాక్టర్లు ఉంటారు, సిజేరియన్లు ఎవరు చేస్తారు?

తెనాలి_స్పానర్:
సిలిండర్ ఉంది, పెద్దది రెండు. బ్లాంటైర్ సిటీ నుంచి రావాలి, మట్టి రోడ్డు, వానాకాలం అయితే ఆ రోడ్డు కూడా ఉండదు, అందుకని సిలిండర్‌ని ఇంట్లో బంగారంలా దాచుకుంటాం. కరెంటు పోగానే ముందు గొట్టాన్ని సిలిండర్‌కి మార్చాలి, ఆ తర్వాత జనరేటర్. జనరేటర్‌కి డీజిల్ కావాలి, ఇక్కడ డీజిల్ దొరకడం అంటే బంకు దగ్గర రెండ్రోజుల క్యూ ఒక్కోసారి, బయట్నుంచి కొనడానికి దేశంలో డాలర్లు లేవు. నవంబర్ 2023లో డాలర్‌కి 1180 క్వాచా (ఇక్కడి డబ్బు) దగ్గరున్నది ఒక్కసారిగా 1700 చేశారు, అప్పట్నుంచీ విడిభాగాల ధరలు అడిగితే మా అకౌంట్స్ ఆయన కళ్లు మూసుకుంటాడు.

ఇంకో విచిత్రం, ఈ దేశం కరెంటులో ఎక్కువ భాగం ఈ షీరే నదే ఇస్తుంది, మా పక్కనే పారేది. జనవరి 2022లో ఆనా తుఫాను కాపిచిరా పవర్ హౌస్ ఆనకట్టని కొట్టేస్తే దేశంలో మూడో వంతు కరెంటు పోయింది, బాగయ్యేసరికి ఏడాది పైనే పట్టింది. నేను రాకముందు సంగతి, కానీ ఇప్పటికీ ఏదైనా తేదీ చెప్పాలంటే "ఆనాకి ముందు", "ఫ్రెడ్డీ తర్వాత" (2023లో వచ్చిన ఇంకో తుఫాను) అంటారు, మన దివిసీమ వాళ్లు ఉప్పెన చెప్పినట్టు.

సిజేరియన్లు ఎక్కువ భాగం క్లినికల్ ఆఫీసర్లే చేస్తారు. ఎంబీబీఎస్ కాదు, మూడేళ్ల డిప్లొమా, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మొదట్లో నాకూ నమ్మకం కుదర్లేదు. ఇప్పుడైతే మా దగ్గర ఒకాయన ఉన్నాడు, రక్తం, నీరు లాగేసే సక్షన్ మెషీన్ మధ్యలో ఆగిపోతే కాలితో తొక్కే పంపుని తనే తొక్కుతూ చేతులతో ఆపరేషన్ కానిచ్చాడు, నేను బయట ఫ్యూజ్ కోసం వెతుకుతుంటే. లోపల్నుంచి ఆయన గొంతు, "పాంగోనో పాంగోనో, బ్రదర్". నిదానంగా నిదానంగా అని. నాకు చెప్తున్నాడో తనకి చెప్పుకుంటున్నాడో తెలీదు.

కరీంనగర్_కిట్టు:
అన్న ఏమనుకోకు, ఒక్క మాట అడుగుత. మా మండలంల పీహెచ్‌సీల ఈసీజీ మెషీన్ మూడేండ్ల సంది బట్ట కప్పి పెట్టిండ్రు. మా నాయిన ఛాతి నొప్పి అంటె టౌన్‌కి తీస్కపోవాల్సొచ్చింది. మన దగ్గరనే గిట్లుంటె నువ్వు సముద్రం దాటి పోయి గక్కడ బాగుచేసుడేంది? గిది సేవనా, ఫోటోల కోసమా? తెల్లోళ్లు చేసిందే మళ్ల మనోళ్లు చేస్తున్నరు అనిపిస్తది నాకు.

మౌనవ్రతం:
మొదలైంది

తెనాలి_స్పానర్:
కిట్టు, తప్పుగా ఏం అనుకోను, మా నాన్న కూడా ఇదే అడిగాడు, ఇంతకన్నా గట్టిగా.

సేవ అని నేను ఎక్కడా రాయలేదు చూడు. విజయవాడలో ఒక పెద్ద ఆస్పత్రిలో ఆరేళ్లు చేశా. అక్కడ మెషీన్ చెడిపోతే నా పని ఏంటంటే కంపెనీకి ఫోన్ చెయ్యడం, టికెట్ నంబర్ రాసుకోవడం, ఇంజనీర్ వచ్చేదాకా డాక్టర్ల చేత తిట్లు తినడం. స్క్రూ విప్పితే వారంటీ పోతుందని నా చేతికి స్క్రూడ్రైవర్ కూడా ఇచ్చేవాళ్లు కాదు. 2021 మే నెలలో మాత్రం, సెకండ్ వేవ్ అప్పుడు, ఎవరూ వారంటీ అడగలేదు. నలభై కాన్సంట్రేటర్లు వరండాలో పెట్టి విప్పినవాడిదే రాజ్యం. ఆ నెలలో నేర్చుకున్నంత ఆరేళ్లలో నేర్చుకోలేదు. ఆ పని మళ్లీ చెయ్యాలనిపించింది, ఇక్కడ ఉద్యోగం కనపడింది, వచ్చా. స్వార్థమే అనుకో.

మీ ఈసీజీ మెషీన్ ఏ కంపెనీదో చూసి చెప్పు, పేపర్ రోలర్ పోయిందా బ్యాటరీ పోయిందా. సగం వాటిలో బ్యాటరీయే. ఫోన్లోనే చెప్తా.

తెల్లవాళ్ల సంగతి ఎత్తావు కాబట్టి, ఇక తిట్లకి వస్తా. మా స్టోర్ వెనక ఒక షెడ్డు ఉంది, నేను దానికి శ్మశానం అని పేరు పెట్టా. కంటైనర్లలో వచ్చిన దానాలన్నీ అందులోనే. ఇక్కడ కరెంటు మనలాగే 230 వోల్టు, వచ్చిన మెషీన్లలో సగం 110 వోల్టువి. పెట్టగానే పొగ. ఒక మానిటర్ మెనూ అంతా జర్మన్‌లో ఉంటుంది, ఎలా మార్చాలో పుస్తకం లేదు, ఒక సిస్టర్ మాత్రం "పైనుంచి నాలుగోది, తర్వాత కుడివైపుది" అని గుర్తుపెట్టుకుని వాడుతుంది, ఆవిడ సెలవు పెడితే మానిటర్ కూడా సెలవే. ఇంకో అల్ట్రాసౌండ్‌కి పాస్‌వర్డ్. ఎవరు పెట్టారో వాళ్లు రిటైరైపోయారంట. రెండు ఇంక్యుబేటర్లు ఉన్నాయి, వాటిలో ఉతికిన దుప్పట్లు పెడుతున్నారు.

పుట్టిన పిల్ల కిలోన్నర ఉంటే ఇంక్యుబేటర్ అక్కర్లేదు ఇక్కడ. తల్లి గుండెల మీద చర్మానికి చర్మం ఆనించి చితెంజె గుడ్డతో కట్టేస్తారు. చితెంజె అంటే మన లుంగీ అంత గుడ్డ, రంగురంగులది, ఆడవాళ్లు నడుముకి చుట్టుకుంటారు, పిల్లని వీపుకి కట్టుకుంటారు, సంతలో కూరలు మూటగడతారు, మనిషి పోతే అదే కప్పుతారు. ఎప్పుడో 70ల చివర్లో కొలంబియాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి, కంగారూ మదర్ కేర్ అంటారు. కరెంటు అక్కర్లేదు, ప్లగ్గు అక్కర్లేదు, నేను కూడా అక్కర్లేదు.

సిస్టర్_అమ్మాజీ:
బాబూ చదువుతుంటే నా రోజులు గుర్తొస్తున్నాయండీ. మాది పాలకొల్లు దగ్గర. నేను 1994 నుంచి ఏడేళ్లు జాంబియాలో నర్సుగా చేశాను, అదీ మిషన్ ఆస్పత్రే. మందులు రాని రోజులవి. ఎయిడ్స్ వార్డు అని బోర్డు ఉండేది కాదు గానీ అన్నీ అవే వార్డులు. మేం చేసేది ఒళ్లు తుడవడం, నొప్పికి మాత్ర, నోట్లో పూతకి మందు, అంతే. ఆస్పత్రిలో పడకలు చాలక ఇళ్లకే వెళ్లి చూసేవాళ్లం. చికన్‌కాటా అని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ వాళ్ల ఆస్పత్రి ఉంది అక్కడ, 1987లోనే వాళ్లు ఈ ఇంటికెళ్లి చూసే పద్ధతి మొదలెట్టారు, మేమందరం వాళ్లని చూసి నేర్చుకున్నవాళ్లమే.

ఒక్క సంగతి చెప్తాను. మీ దగ్గర కూడా ఉంటుంది చూడండి, ఆస్పత్రి వెనకాల రోగుల తాలూకు వాళ్లు ఉండే షెడ్డు. మూడు రాళ్ల పొయ్యిలు వరసగా. ఆస్పత్రి అన్నం పెట్టదు కదా, ఎవరి వాళ్లకి వాళ్లే వండుకోవాలి. నేను పొద్దున డ్యూటీకి వెళ్లేటప్పుడు ముందు ఆ షెడ్డు మీదుగా వెళ్లేదాన్ని. ఎవరి పొయ్యి ఆ పూట వెలగలేదో చూసుకునేదాన్ని. వెలగలేదంటే పిండి అయిపోయిందన్నా అయ్యుండాలి, మనిషి పోయాడన్నా అయ్యుండాలి. వార్డులో కేస్ షీట్ చదవక ముందే సగం తెలిసిపోయేది. పిండి అయిపోయిన వాళ్లు సిగ్గుపడి చెప్పరండీ, మనమే పసిగట్టాలి.

తెనాలి_స్పానర్:
అమ్మగారూ, రేపట్నుంచి నేనూ అటు నుంచే వెళ్తా. ఇన్నాళ్లూ పొగ అని ముక్కు మూసుకుని చుట్టూ తిరిగి వెళ్తున్నా.

ఇప్పుడు మందుల గదిలో పరిస్థితి వేరు. హెచ్ఐవి మందులు గవర్నమెంటే ఇస్తుంది ఉచితంగా, రోజుకి ఒక్క మాత్ర. గర్భిణీ స్త్రీకి హెచ్ఐవి పాజిటివ్ వస్తే మిగతా టెస్టుల కోసం ఆగకుండా జీవితాంతం మందు మొదలుపెట్టేయడం 2011లో ఈ దేశమే మొదలెట్టిందట, తర్వాత ప్రపంచమంతా అదే దారి పట్టింది. మొన్న మా ఫార్మసీ కుర్రాడు ఒక తెల్ల డబ్బా తెచ్చి లేబుల్ చూపించి "ఇది మీ ఊరా?" అన్నాడు. చూస్తే హైదరాబాద్ అడ్రస్. "మా ఊరికి బస్సులో ఆరు గంటలు" అన్నా. వాడు మొహం చిన్నబుచ్చుకుని, అయితే దగ్గరే కదా, డబ్బాకి మూత ఇంత గట్టిగా ఎందుకు పెడతారో అడిగి చెప్పు అన్నాడు. ముసలమ్మలు తియ్యలేకపోతున్నారంట. హైదరాబాద్ ఫార్మా వాళ్లెవరైనా చదువుతుంటే చూసుకోండి.

బ్రాడీపేట_బాబాయ్:
కిట్టు గారు అడిగినదానికి నాకు తోచింది రాస్తున్నాను. మా గుంటూరులో కుగ్లర్ ఆస్పత్రి అని ఉంది, పాతవాళ్లకి తెలుసు. 1883లో అమెరికా నుంచి అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ వచ్చారు, 1898లో ఆడవాళ్లకీ పిల్లలకీ ఆస్పత్రి తెరిచారు. మగడాక్టరు చెయ్యి పట్టుకోనివ్వని ఇళ్లు ఆ రోజుల్లో. మా అమ్మ కాన్పుకి కూడా అక్కడికే తీసుకెళ్లారు, అంటే నేను పుట్టింది అక్కడే. 1960ల్లో ఆ ఆస్పత్రిలో మా బామ్మ చెట్టుకింద కిరసనాయిలు స్టవ్ పెట్టుకుని చారు కాచేదట, ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అమ్మాజీ గారు రాసిన మూడు రాళ్ల పొయ్యికీ మా స్టవ్‌కీ పెద్ద తేడా ఏం లేదు. మరి ఆ కుగ్లర్ డాక్టరమ్మ గుంటూరు రావడం మతం కోసమే కదా అంటే, అవును, అందుకే వచ్చింది. మా బామ్మ మడి మానలేదు, ఆ ఆస్పత్రి బైబిలు మానలేదు. కాన్పు మాత్రం అయింది.

కరీంనగర్_కిట్టు:
బాబాయ్ మీరు చెప్పింది మంచిగుంది గానీ నా ప్రశ్న గట్లనే ఉన్నది. సరే, మతం సంగతి కూడ అడుగుత. అన్న నువ్వు క్రిస్టియన్‌వా? ప్రార్థనకి పోకపోతె జీతం ఇస్తరా?

తెనాలి_స్పానర్:
కాదు. మా ఇంట్లో వినాయకుడు. ఇంటర్వ్యూలో అడిగారు, అదే చెప్పా, ప్రార్థన టైములో గౌరవంగా ఉంటే చాలన్నారు. వెనక వరసలో నిలబడతా. వాయిద్యం ఏమీ ఉండదు, నర్సులు, స్వీపర్లు, డ్రైవర్లు అందరూ నాలుగు రకాల గొంతులు కలిపి పాడతారు, ఎవరూ నేర్పకుండానే. ఆ ఐదు నిమిషాలు నాకు రోజులో బాగా ఇష్టం, భక్తి వల్ల కాదు. ఒకసారి నన్ను పాడమన్నారు, పాడా, ఆ తర్వాత మళ్లీ ఎవరూ అడగలేదు.

జీతం నెలనెలా వస్తుంది, అప్పుడప్పుడు లేటుగా. చెప్పుకునేంత కాదు. గవర్నమెంటుకీ మిషన్ ఆస్పత్రులకీ ఒప్పందం ఉంటుంది, కాన్పులూ చిన్నపిల్లల వైద్యం ఫ్రీగా చెయ్యాలి, బిల్లు గవర్నమెంటు కట్టాలి. కట్టడం ఆలస్యం అయితే మా జీతం కూడా ఆలస్యం. మన ఆరోగ్యశ్రీ బకాయిల గొడవ ఎలాగో అలాగే.

మౌనవ్రతం:
తిండి?

తెనాలి_స్పానర్:
ఇదీ అసలైన ప్రశ్న. మొక్కజొన్న పిండితో గట్టిగా తెల్లటి ముద్ద వండుతారు, న్సిమా అంటారు. సంగటి తిన్నవాడికి రెండ్రోజుల్లో అలవాటైపోతుంది. పక్కన కూర కొంచెం. బొనోంగ్వే అని ఒక ఆకు వండిపెట్టారు మొదటి వారంలో, నోట్లో పెట్టుకోగానే తెలిసింది, అచ్చం మన తోటకూరే. తెరెరె అంటే బెండకాయ. వాళ్లు జిగురు ఇంకా పెరగడానికి సోడా వేసి వండుతారు, మా అమ్మ చూస్తే ఏడుస్తుంది, ఆవిడ జిగురు పోవడానికి మజ్జిగ చుక్క వేస్తుంది.

కానీ అసలు విషయం నాండొలో. సంతలో బుట్టలో చూసి నమ్మలేకపోయా, కందులు! దక్షిణ మలావి అంతా పండిస్తారు, మొక్కజొన్న మధ్యలో. మన దేశం ఏడాదికి 50,000 టన్నులు కొనుక్కునేలా ఈ దేశంతో 2021లో ఒప్పందం కూడా చేసుకుంది. ఇంటి దగ్గర కేజీ రేటు చూసి గొణుక్కున్నానే, ఆ పప్పు ఈ ఊరిదే అయినా అయ్యుండొచ్చు. వీళ్లు పొట్టు తియ్యకుండా గింజ ఉడకబెట్టుకుని తింటారు. నేను వేయించి, మా పక్కింటావిడ రోలు అడిగి తెచ్చుకుని కందిపచ్చడి నూరా. చుట్టూ పదిమంది పిల్లలు చూస్తున్నారు, మగాడు రోటి దగ్గర కూర్చోవడం వాళ్లకి సినిమా.

జనవరి ఫిబ్రవరి మాత్రం వేరే లోకం. పాత పంట అయిపోయి కొత్తది రాని నెలలు, అవే మలేరియా నెలలు. పిల్లల వార్డులో మంచానికి ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు. ఒంట్లో రక్తం తగ్గిపోయి అరచెయ్యి తెల్లకాగితంలా ఉన్న పిల్లలు. ఎక్కించడానికి బ్యాగు లేకపోతే తండ్రి పక్క మంచం మీద పడుకుని రక్తం ఇస్తాడు. ఎముకల గూడులా వచ్చిన వాళ్లకి చిపొండె అని పల్లీ ముద్ద ప్యాకెట్ ఇస్తారు, పల్లీలు, పాలపొడి, పంచదార, నూనె, విటమిన్లు. బ్లాంటైర్‌లోనే తయారవుతుంది. ఒక్క ప్యాకెట్ 500 క్యాలరీలు, నీళ్లు కలపక్కర్లేదు, మూల కత్తిరిస్తే పిల్ల పీల్చుకుంటుంది. మొదటిరోజు మొహం తిప్పుకున్న పిల్ల నాలుగో రోజు ప్యాకెట్ లాక్కుంటే వార్డులో ఆడవాళ్లంతా చప్పట్లు కొడతారు.

సరే, ఈ సందర్భంలోనే ఒక సాయం కావాలి. పిల్లల వార్డు కాన్సంట్రేటర్ నిన్న సాయంత్రం ఆగింది. గాలిని నొక్కే కంప్రెసర్ మూలుగుతోంది గానీ తిరగట్లేదు. దాని మోటారుని తిప్పడానికి సాయపడే రన్ కెపాసిటర్ పొట్ట ఉబ్బింది. 10 మైక్రోఫారడ్, 450 వోల్టు. బ్లాంటైర్‌లో లేదు, దాని పక్కనే ఉన్న లింబేలో గుజరాతీ షాపులో కూడా లేదు.

బాలానగర్_బ్రదర్:
బ్రో ఫ్యాన్ కెపాసిటర్లు దొరుకుతాయా? 2.5 మైక్రోఫారడ్‌వి నాలుగు పారలల్ కట్టు, 10 అవుద్ది. వోల్టేజ్ రేటింగ్ చూసుకో. ఒరిజినల్ నేను పంపుతా, మా షాపులో డజన్లు పడున్నాయి. ఎవరైనా అటు వస్తున్నారా చూడు, కొరియర్ అంటే నెల.

తెనాలి_స్పానర్:
అదే కట్టాను అన్నా రాత్రి, సీలింగ్ ఫ్యాన్లు మూడు విప్పాల్సొచ్చింది, నాలుగోది మా మేనేజర్ గారి ఆఫీసుది, ఆయన చెమటలు కారుస్తూ సంతకం పెట్టాడు. తిరుగుతోంది. కానీ ఆక్సిజన్ ఎంత శాతం వస్తోందో చూపించే ఎనలైజర్ పెడితే 79 చూపించింది, 82 కన్నా తగ్గకూడదు. ఫిల్టర్ తీశా. నల్లగా, దుమ్ముతో దిండులా ఉంది. వారానికోసారి కడగమని బోర్డు రాసిపెట్టా, ఇంగ్లీషులో. కడిగే అక్కకి ఇంగ్లీషు రాదు. తప్పు నాదే. చిచేవాలో రాయించా ఇవాళ.

పీజీ వాళ్లు అడుగుతారని చెప్తున్నా, లోపల జియోలైట్ అని గుళికలుంటాయి, గాలిని నొక్కి దాంట్లోంచి పంపితే నైట్రోజన్‌ని పట్టుకుని ఆక్సిజన్‌ని వదిలేస్తాయి. రెండు డబ్బాలు, ఒకటి పట్టుకుంటుంటే ఒకటి ఊదేస్తుంటుంది, ఆ టిక్ హిస్స్ చప్పుడు అదే. ఈ లోయ ఉక్కపోతకి తేమ చేరితే గుళికలు పాడవుతాయి. ఫిల్టర్ కడిగి ఎండబెట్టి వేస్తే 88కి వచ్చింది. ప్రస్తుతానికి చాలు.

సిస్టర్_అమ్మాజీ:
మా చర్చి నుంచి ఇద్దరు సిస్టర్లు నెలాఖరుకి బ్లాంటైర్ వెళ్తున్నారండీ, ముంబై మీదుగా. బాలానగర్ బాబూ, మీ కెపాసిటర్లు వాళ్లకి అందజెయ్యండి. నాకు మెసేజ్ పెట్టండి. కందిపొడి కూడా ఒక డబ్బా పెడతాను, అంత దూరంలో ఉన్న బిడ్డకి.

కరీంనగర్_కిట్టు:
అన్న, ఈసీజీ ఫోటో పెట్టిన మెసేజ్‌ల. కాంపౌండర్‌ని బతిమాలి తీసిన. చూడు జర.

తెనాలి_స్పానర్:
చూశా. బ్యాటరీయే. 12 వోల్టు, బైక్ బ్యాటరీ కన్నా చిన్నది, మీ టౌన్‌లో యూపీఎస్ షాపులో దొరుకుతుంది. కానీ నువ్వు విప్పకు, మెడికల్ ఆఫీసర్‌ని అడిగి ఆయన ముందరే మార్పించు, లేకపోతే రేపు ఏది పోయినా నీ మీదకే వస్తుంది.

(మూడు వారాల తర్వాత)

కరీంనగర్_కిట్టు:
బ్యాటరీ వేసినరు అన్న. నడుస్తుంది. పేపర్ రోల్ లేదంట ఇప్పుడు.

మౌనవ్రతం:
😂😂 శుభం

తెనాలి_స్పానర్:
కెపాసిటర్లు వచ్చాయి, ఆరు పెట్టాడు బాలానగర్ అన్న, డబ్బులు తీసుకోనంటున్నాడు. నిన్న మధ్యాహ్నం వేశా. ఐదు బంతులూ లేచాయి, ఎనలైజర్ 93. మేనేజర్ గారి ఫ్యాన్ ఆయనకి ఇచ్చేశాం. కందిపొడి డబ్బా రాత్రి డ్యూటీ నర్సులు రుచి చూస్తామని తీసుకెళ్లారు, ఖాళీగా వచ్చింది, న్సిమాలో నంజుకున్నారంట. అమ్మాజీ గారూ, పొయ్యిల దగ్గర్నుంచే వెళ్తున్నా రోజూ. మొన్న చివరి పొయ్యి వెలగలేదు, అడిగితే ఏం లేదన్నాడు పెద్దాయన, కంది గింజలు రెండు కేజీలు ఇచ్చొచ్చా, చేతులు రెండూ తట్టి తీసుకున్నాడు.

జాంబియాలో పని దొరుకుతుందా అని ఒకరు మెసేజ్‌లో అడిగారు, రేపు రాస్తా. మగెట్సి పోయింది, ఫోన్ 4% ఉంది, వాచ్‌మన్ వస్తున్నాడు.